గొట్టానికి కప్పు తగలకూడదు

(కట్టెల పొయ్యిలకు పొగగొట్టాలు అమర్చే తాపీ మేస్త్రీలు, వెల్డర్ల శిక్షణలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ చోటుంది. ఫ్యాను చప్పుడులో నా మాట అక్కడికి వినపడదు.

పొయ్యి ఎలా కట్టాలో ఇంతకుముందే చెప్పారు, నేను దాని జోలికి పోను. గొట్టం కప్పుని దాటే ఆ రెండడుగుల గురించే మాట్లాడతాను. ఎందుకు ఆ రెండడుగులే? ఇల్లు అంటుకునేది అక్కడ. వాన కారేది అక్కడ. శ్లాబు నెర్రెలిచ్చేది అక్కడ. ఒక్క మాట పట్టుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. గొట్టానికి కప్పు తగలకూడదు. మళ్ళీ చెబుతున్నా, గొట్టానికి కప్పు తగలకూడదు. కప్పు మోసేది గొట్టం కంటే వెడల్పైన వేరే తొడుగుని. ఆ తొడుగు లోంచి గొట్టం వెళ్ళిపోతుంది. రెండింటికీ మధ్య ఖాళీ ఉండాలి.

గ్యాసు వచ్చాక ఈ గొడవంతా ఎందుకండీ అంటారు. సరే, సిలిండరు చాలా ఇళ్ళకి వచ్చింది. స్నానాలకి నీళ్ళు దేంతో కాగుతున్నాయి? బడుల్లో, హాస్టళ్ళలో పెద్ద గుండిగలు ఎన్నిచోట్ల ఇంకా కట్టెల మీదే ఉన్నాయి? పాడేరు, అరకు వైపు చలికాలంలో పొయ్యి ఆర్పే ఇల్లు చూపించండి.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1950లలోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు గొట్టం ఉన్న పొగలేని పొయ్యి తయారుచేశారు. ఆ ల్యాబ్ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో హెర్ల్ చుల్లా అనేవారు దాన్ని. తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టి 2002 దాకా నడిపింది. కోట్ల పొయ్యిలు కట్టారు. వాటిలో చాలావాటికి ముందు దెబ్బతిన్నది గొట్టమే. మసితో పూడిపోయింది, లేదా పగిలింది, లేదా వాన కారుతోందని ఇంటివాళ్ళే పీకేశారు. గొట్టం పోయాక పొగలేని పొయ్యి మామూలు పొయ్యే కదా.

ఇప్పుడు లాగుడు సంగతి. పొగ పైకెందుకు పోతుంది? వేడిగా ఉంది గనక తేలిక, అంతే. ఎంత బలంగా పోతుందో లెక్క వేద్దాం, రాసుకోండి. గొట్టం ఎత్తు 3 మీటర్లు. బయట గాలి 30 డిగ్రీలు. లోపల పొగ 200 డిగ్రీలు. బయట ఒక ఘనమీటరు గాలి బరువు 1.16 కిలోలు, లోపలి పొగ 0.75 కిలోలు. ఈ తేడాకి వచ్చే లాగుడు 12 పాస్కల్స్, పాస్కల్ అంటే ఒత్తిడి కొలత. అంటే నీటి మట్టంలో చూస్తే 1.2 మిల్లీమీటర్లు. మిల్లీమీటరున్నర కూడా లేదు! మీ చేతిలో ఉన్న బలం అంతే. దాంట్లోంచే ప్రతి వంపూ కొంత తింటుంది, మసి కొంత తింటుంది, వాన పడకుండా పైన పెట్టే టోపీ కొంత తింటుంది. అందుకే గొట్టం నిటారుగా పోవాలంటాం. వంపు తప్పకపోతే 90 డిగ్రీల మోచేయి వద్దు, 45వి రెండు పెట్టండి. అడ్డంగా పోవాల్సి వస్తే అడుగుకి పావు అంగుళం చొప్పున ఎత్తు ఇవ్వండి. ఆ అడ్డ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

వ్యాసం మాటేమిటి? ఒక్క సూత్రం: పొయ్యి నోటి దగ్గర ఎంత ఉందో పైదాకా అంతే, ఎక్కడా తగ్గించకూడదు. ఇంట్లో రెండు గిన్నెల పొయ్యికి 4 అంగుళాలు. హాస్టలు పొయ్యికి 6, మరీ పెద్దదైతే 8. పాత పథకం పొయ్యిలకి 3 అంగుళాల గొట్టాలు కూడా పెట్టేవారు. 4 అంగుళాల గొట్టం లోపల చుట్టూ ఒక సెంటీమీటరు మసి పట్టిందనుకోండి, దారి మూడో వంతుకి పైగా మూసుకుపోతుంది. 3 అంగుళాలదైతే దాదాపు సగం పోతుంది. మసి తీయడం అటుంచండి, అందులోకి బ్రష్ పట్టడమే కష్టం.

గొట్టం దేంతో? జీఐ పైపు చవకగా దొరుకుతుంది, అందరూ అదే తెస్తారు. దాని మీద పూత జింకు. జింకు 419 డిగ్రీలకి కరుగుతుంది. మంట నేరుగా నాకే మొదటి మూడు నాలుగడుగుల్లో ఆ పూత నిలవదు, పైగా దాని పొగ పీల్చకూడదు. వెల్డర్లూ, జీఐ మీద వెల్డింగ్ చేస్తే ఆ రాత్రి జ్వరం వచ్చినట్టు ఒళ్ళు కాలుతుందే, అదే ఇది. కింది భాగానికి 16 గేజి మందం మైల్డ్ స్టీలు, పైకి, వాన తగిలే చోట స్టెయిన్‌లెస్ 304 పెట్టండి. డబ్బు సరిపోకపోతే కప్పు దాటే ముక్కకైనా స్టెయిన్‌లెస్ తప్పనిసరి. తుప్పు పడితే మీకు కనిపించని చోటు అదొక్కటే. ఇక ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలు మాత్రం వద్దు. పొయ్యి బాగా మండిన రోజు నిలువునా బీట వారతాయి.

ముక్కకి ముక్క కలిపేటప్పుడు ఏది లోపలికి పోవాలి? చెప్పండి. పై ముక్కా, కింది ముక్కా? పై ముక్క చివర కింది ముక్క లోపలికి పోవాలి. వాన గొట్టానికి వేసినట్టే. మనవాళ్ళు పొగ పైకి పోతుంది కదా అని తలకిందులుగా పెడతారు. పొగ పైకే పోతుంది, కానీ పచ్చి కట్టెల్లోంచి వచ్చే తారు కిందికి కారుతుంది. తలకిందులుగా పెడితే ఆ నల్లటి నీళ్ళు అతుకులోంచి బయటికొచ్చి గోడంతా చారలు కడతాయి. ఆ చారలు మీరందరూ చూసే ఉంటారు. అతుకుకి మూడు స్క్రూలు, చుట్టూ సమాన దూరంలో. రెండు పెడితే గొట్టం మడతబందులా ఊగుతుంది.

కప్పుకి కన్నం

ముందు గుర్తు పెట్టడం. పొయ్యి నోటి మధ్య నుంచి పైకి తూకం గుండు, అంటే దారానికి వేలాడే బరువు, వేసి చూడండి. సరిగ్గా అక్కడే వాసమో దూలమో ఉంటే ఏం చేస్తారు? వాసం కోస్తారా? పొయ్యినే అరడుగు జరపండి. మట్టి ఇంకా తడిగానే ఉంది కదా! అందుకే పొయ్యి కట్టకముందే గుండు వేయాలి. కప్పు చూశాకే పొయ్యి చోటు.

శ్లాబు దగ్గరికి వద్దాం. శ్లాబు కాలదు కదా, దానికి ఖాళీ ఎందుకని చాలామంది అడుగుతారు. నిజమే, కాలదు. మరి గొట్టం సాగుతుందా లేదా? 3 మీటర్ల మైల్డ్ స్టీలు గొట్టం 200 డిగ్రీలు వేడెక్కితే 7 మిల్లీమీటర్లు పొడుగు సాగుతుంది. స్టెయిన్‌లెస్ అయితే 10. రోజూ వంట వండినప్పుడల్లా 7 మిల్లీమీటర్లు పైకి, 7 కిందికి. మీరు దాన్ని సిమెంటుతో శ్లాబులో బిగించేస్తే ఏమవుతుంది? మొదటి వారంలోనే గొట్టం చుట్టూ వెంట్రుకంత చీలిక వస్తుంది. మొదటి వానకి ఆ చీలికలోంచి నీళ్ళు దిగుతాయి. మీరు మళ్ళీ వెళ్ళి సిమెంటు పూస్తారు, మళ్ళీ చీలుతుంది. ఎన్నిసార్లు పూసినా చీలుతుంది, తప్పు సిమెంటుది కాదు గనక. దీనికి తోడు గొట్టం ఆనుకున్న చోట శ్లాబులో ఊచలు వేడెక్కుతాయి, కింద పెచ్చులు రాలతాయి.

కాబట్టి 6 అంగుళాల గొట్టానికి 10 అంగుళాల తొడుగు పెట్టండి. చుట్టూ 2 అంగుళాల ఖాళీ వస్తుంది. కన్నం కోర్ కటింగ్ మిషనుతో తీయించండి. సుత్తి, ఉలి పెట్టి కొడితే కింద పళ్ళెమంత పెచ్చు ఊడుతుంది. ఊచ తెగేలా ఉంటే పక్కకి జరపండి. దూలం దగ్గర అసలు పెట్టకండి. తొడుగు శ్లాబు పైన 6 అంగుళాలు లేవాలి, దాని చుట్టూ 4 అంగుళాల ఎత్తు గట్టు కట్టి వాటర్‌ప్రూఫింగ్ ఆ గట్టు మీదికి ఎక్కించాలి. సిమెంటు పట్టేది తొడుగుని. గొట్టాన్ని కాదు. ఖాళీలో సిరామిక్ ఊలు. అంగుళం మందం దుప్పటిలా వస్తుంది, 1260 డిగ్రీల రకమని అడగండి. రెండు చుట్లు చుడితే ఖాళీ నిండుతుంది. అది మెత్తన, గొట్టం దాంట్లో జారుతుంది. చేతులకి గ్లవ్స్, ముక్కుకి మాస్కు పెట్టుకునే చుట్టండి. దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. దాని బదులు గోనెసంచి కుక్కి పైన సిమెంటు మెత్తినవాళ్ళున్నారు. ఫోమ్ స్ప్రే కొట్టినవాళ్ళూ ఉన్నారు. రెండూ కాలతాయి, గుర్తుంచుకోండి.

మరి ఖాళీలోకి వాన పడదా? దానికే కాలరు. తొడుగు మీద గొడుగులా వాలి ఉండే రేకు పట్టీ. ఇది గొట్టానికి బిగిస్తాం, తొడుగుని తాకదు. తొడుగు అంచుకి అంగుళం పైన గొట్టానికి పట్టి, రెండు అంగుళాలు తొడుగు పక్క నుంచి కిందికి దిగాలి. గొట్టం సాగినప్పుడు కాలరు కూడా పైకి లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. గొట్టానికీ కాలరుకీ మధ్య ఎర్ర రంగు హై టెంపరేచర్ సిలికాన్. కిటికీలకి పూసే తెల్ల సిలికాన్ ఆ వేడికి ఆగదు.

ఇంకో ప్రశ్న. గొట్టం బరువు ఎవరు మోస్తారు? 6 అంగుళాల 16 గేజి గొట్టం మీటరుకి 6 కిలోలు. 4 మీటర్లంటే 24 కిలోలు. మట్టి పొయ్యి మీద పెడితే పొయ్యి నోరు పగులుతుంది. గోడకి బ్రాకెట్ కొట్టి ఒక్కచోటే గట్టిగా పట్టివ్వండి. ఒక్కచోటే. మిగతా చోట్ల వదులు రింగులు, జారాలి. రెండుచోట్ల బిగిస్తే మధ్యలో గొట్టం విల్లులా వంగుతుంది.

ఇప్పుడు పెంకుటిల్లు. ఇక్కడ కట్టె ఉంది, వాసాలు, వాటి మీద పెంకులు మోసే రీపర్లు. ఇక్కడే అసలు ప్రమాదం. కట్టె అంటుకోవాలంటే 250, 300 డిగ్రీలు కావాలంటారు. కొత్త కట్టెకి ఆ మాట సరే. ఏళ్ళ తరబడి వేడి తగిలి తగిలి ఎండి, బొగ్గుకి దగ్గరైన కట్టె అంతకంటే చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది. అందుకే పదేళ్ళు ఏమీ కాని ఇల్లు పదకొండో ఏట అంటుకుంటుంది. ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదండీ అనే మాట ఇక్కడ చెల్లదు.

అమెరికా నిబంధన ఏమంటుందంటే, ఒంటి పొర గొట్టానికి కట్టె 18 అంగుళాల దూరంలో ఉండాలి, ఆ ఒంటి పొర గొట్టం కప్పుని దాటనే కూడదు. కప్పు దాటేచోట రెండు పొరల గొట్టం, మధ్యలో ఊలు. ఫ్యాక్టరీలో పరీక్షించి అమ్మే అలాంటి గొట్టాలకి కట్టె 2 అంగుళాల దూరం ఉంటే చాలని వాటి మీదే రాసి ఉంటుంది. మన వెల్డింగ్ షాపులో చేసినదానికి ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. నా మాట వింటే 6 అంగుళాల గొట్టం, 10 అంగుళాల తొడుగు, మధ్య ఊలు, తొడుగు బయటి నుంచి కట్టెకి 6 అంగుళాల ఖాళీ పెట్టండి. ఆ 6 అంగుళాల్లో ఏమీ కుక్కకండి. కింద రేకు పళ్ళెంతో మూయండి, చెక్కతో కాదు. రీపరు అడ్డొస్తే కోసి, రెండు కొసల్నీ అడ్డ రీపరుకి పట్టించండి.

వాన సంగతి చెబుతాను. గొట్టం చుట్టూ సీసపు రేకో అల్యూమినియం రేకో వేస్తారు. పై వైపు అది పెంకుల కిందికి దూరాలి, కింది వైపు పెంకుల మీదికి రావాలి. నీళ్ళు పై పెంకు నుంచి రేకు మీదికి, రేకు నుంచి కింది పెంకు మీదికి పోవాలి. నాలుగువైపులా పెంకుల మీదే పరిచి సిమెంటు పూస్తే నీళ్ళు పైవైపు సందులోంచి దిగుతాయి. కొప్పుకి దగ్గరగా గొట్టం పెట్టుకుంటే పైనుంచి వచ్చే నీళ్ళే తక్కువ.

సిమెంటు రేకుల ఇల్లు. ఇక్కడ నేను కొంచెం గట్టిగా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. గ్రైండరు పెట్టి కోయొద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు, ఏళ్ళ తర్వాత క్యాన్సరై బయటపడుతుంది. కోసే మీరే కాదు, కింద కూర్చుని కూర తరిగే ఆవిడ కూడా పీలుస్తుంది. ఇంకోటి, ఈ రేకు నిప్పు వేడికి టపటపా పేలుతుంది. మరి దారేమిటి? కోయడమెందుకు, ఆ రేకు మొత్తం దించేయండి. రేకుని పట్టి ఉంచే జె హుక్కులు విప్పి, రేకు మీద నీళ్ళు కొట్టి, పగలకుండా దించండి. దాని చోట ఇనప రేకు వేయండి, కన్నం నేల మీదే తీసుకుని ఎక్కించండి. ఒక్క చిక్కుంది. సిమెంటు రేకు అల 146 మిల్లీమీటర్లు, మామూలు ఇనప రేకు అల 75. అల మీద అల కూర్చోదు. కొనేముందే పాత రేకు కొలత తీసుకెళ్ళి, ఆ అలకి వంచిన రేకు అడగండి. కొప్పు నుంచి మొదలయ్యే రేకుని మారిస్తే పైవైపు అతుకు బాధ ఉండదు. అన్నీ ఇనప రేకులే ఉన్న ఇంటికి పని సులువు, తొడుగు, కాలరు చాలు. కింద కర్ర వాసాలుంటే మాత్రం ఇందాక చెప్పిన 6 అంగుళాలు మరిచిపోవద్దు.

తాటాకు ఇల్లు, రెల్లుగడ్డి ఇల్లు. దీనికి గొట్టం ఎలా దాటించాలి? దాటించొద్దు. ఇంగ్లండు నిబంధనల్లో గడ్డి కప్పుకి గొట్టం మూతి కప్పు మీద కనీసం 1.8 మీటర్ల ఎత్తుండాలి. అది ఇటుక చిమ్నీలుండే చోట మాట. మన పూరింట్లో ఒంటి గొట్టం మీద ఆరడుగులు నిలబెట్టి, గాలివానకి ఊగకుండా ఆపడం కష్టం. గోడలోంచి పక్కకి తీద్దామంటే చూరు రెండడుగులు బయటికుంటుంది, దాన్ని దాటాలంటే అడ్డ గొట్టం పొడుగై లాగుడు చస్తుంది. పొయ్యినే బయటికి తీసుకురండి. ఇంటికి దూరంగా, గాలి వాటం చూసి, రేకుల వంటపాక కట్టండి. ఈ ఇంటికి గొట్టం పెట్టనండీ అని చెప్పడం కూడా మీ పనిలో భాగమే. కూలి పోయినా సరే.

కప్పు పైన, ఆ తర్వాత

ఎత్తు ఎంత? 3, 2, 10 అని గుర్తుపెట్టుకోండి. గొట్టం కప్పుని దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు. చుట్టూ 10 అడుగుల్లో ఏది ఎత్తుగా ఉన్నా దానికంటే 2 అడుగులు. ఇది కూడా అమెరికా లెక్కే, గాలి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. మన డాబా మీద చూద్దాం. పిట్టగోడ 3 అడుగులు, గొట్టానికి 5 అడుగుల దూరంలో ఉంది. గొట్టం ఎంత ఎత్తు? మూడనేవాళ్ళు చేతులెత్తండి. తప్పు. ఐదు. నీళ్ళ ట్యాంకు దిమ్మె మీద ఏడడుగుల ఎత్తులో 10 అడుగుల లోపలే ఉంటే తొమ్మిది. తొమ్మిది అడుగులు నిలబెట్టలేం గనక గొట్టాన్నే ట్యాంకుకి దూరం జరపడం తెలివి. గాలి ఆ ట్యాంకుని కొట్టి కిందికి మళ్ళితే పొగ వంటగదిలోకి తన్నుతుంది. పొయ్యి బాగాలేదని మిమ్మల్ని తిడతారు.

5 అడుగులు దాటితే మూడువైపులా తీగలు లాగండి. తీగ పట్టే రింగు వదులుగా ఉండాలి, సాగుడు మరిచిపోవద్దు. కోస్తా వాళ్ళు తుపాను గాలికి మందం తీగలే వాడండి.

టోపీకీ గొట్టానికీ మధ్య సందు లెక్క ప్రకారం వ్యాసంలో పావు వంతు చాలు, 6 అంగుళాలకి అంగుళంన్నర. మసి పడుతుంది గనక 3 వదలండి. పక్షులు దూరకుండా జల్లెడ పెడితే అర అంగుళం కన్నాలది పెట్టండి. దోమల జాలీ పెడితే నెలలోపే మూసుకుపోతుంది.

గొట్టం అడుగున ఇంగ్లీషు టీ (T) ఆకారం ముక్క పెట్టి మూత ఉంచండి, మసి అక్కడ తీయాలి. హాస్టల్లో రోజూ మండేదైతే నెలకోసారి, ఇంట్లో రెండు మూడు నెలలకోసారి బ్రష్. మూత లేకపోతే? ఎవరూ తీయరు. తారు నల్లగా మెరుస్తూ గట్టిగా పట్టిందంటే కట్టెలు పచ్చివని అర్థం. ఆ తారు ఒక్కోసారి గొట్టంలోనే అంటుకుంటుంది. రైలు వస్తున్నట్టు హోరు వినపడుతుంది, గొట్టం ఎర్రబడుతుంది, వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పైనుంచి నీళ్ళు పోయకండి, ఎర్రటి గొట్టం పగులుతుంది, ఆవిరి మనిషిని కాలుస్తుంది. పొయ్యి నోరు రేకుతో మూసి గాలి ఆపండి, జనాన్ని బయటికి పంపండి, 101కి ఫోన్ చేయండి. అది ఆరాక గొట్టం మొత్తం విప్పి చూడకుండా మళ్ళీ మంట పెట్టనివ్వొద్దు.

పని అప్పగించే ముందు గంటసేపు మంట పెట్టించి మీరే పైకెక్కండి. గొట్టానికి దగ్గర్లోని వాసం మీద అరచెయ్యి పెట్టండి. పెట్టి ఉంచగలగాలి. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఆ పని అవ్వలేదు, డబ్బులు అడగకండి.

ఎవరో చెయ్యెత్తారు, అడగండి. స్నానాల గదిలో రాగి బాయిలరు, దాని గొట్టాన్ని వెంటిలేటరులోంచి చూరు కిందికి వదిలేస్తే సరిపోతుందా అంటున్నారు. సరిపోదు. రెండు కారణాలు. చూరు కింద వదిలిన పొగ, నిప్పురవ్వ నేరుగా వాసాలకి తగులుతాయి. రెండోది, తలుపేసుకుని స్నానం చేసే గది అది. గాలి ఎదురు తిరిగితే పొగ మళ్ళీ లోపలికే వస్తుంది. నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు పొగ కనపడదు, వాసన ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. మనిషి మగత వచ్చి పడిపోతాడు. బాయిలరుని గది బయట, వసారాలో పెట్టి నీళ్ళు మాత్రం గొట్టంతో లోపలికి తీసుకోండి. కుదరదంటే పొగగొట్టం కప్పు దాటించాల్సిందే. ఆ బాయిలరు గొట్టం 3 అంగుళాలదైతే తొడుగు 7 తీసుకోండి.